రెండో వరస పథకం

సోమవారం పొద్దున పదిన్నరకు వివాహాల నమోదు కార్యాలయంలో చరిత్ర సృష్టించబోతున్నట్టు రిజిస్ట్రారుగారు సర్క్యులర్ పంపారు. తీరా వారు వచ్చేసరికి పన్నెండయింది. చరిత్ర అంతవరకూ బయట బెంచీ మీద కూర్చుంది.

"మిత్రులారా, మన కంప్యూటరుకి ఇవాళ పునర్జన్మ!" అన్నారు వారు. ఎదురుగా ఉన్నది ఎనిమిదిమంది సిబ్బందీ, పెళ్ళి నమోదు కోసం వచ్చి గోడవార కూర్చున్న నాలుగు జంటలూ. అయినా వారి గొంతు మైదానానికి సరిపడా లేచింది. "ఇన్నాళ్ళూ ఇది నత్తనడక నడిచింది. ప్రజలు బాధపడ్డారు. ప్రజల బాధ చూసి నేను బాధపడ్డాను. చివరికి నిన్న, ఆదివారమని కూడా చూడకుండా, పాత సిస్టమ్ మొత్తం తుడిపించి కొత్త సిస్టమ్ వేయించాను."

ఆదివారమని చూడకుండా వచ్చిన మనిషి సిబ్బంది వెనకాల నిలబడి వింటోంది. రికార్డులన్నీ పక్కకు తీసి భద్రం చేసి, పాతది తుడిచి, కొత్తది ఎక్కించి, రికార్డులు మళ్ళీ సర్ది, సాయంత్రం ఆరింటికి తాళం వేసుకుని వెళ్ళిన మనిషి ఆమే. అందరూ ఆమెను సిస్టమమ్మ అంటారు. కంప్యూటర్లు చూస్తుంది కాబట్టి సిస్టమ్, నలభై దాటింది కాబట్టి అమ్మ. పదకొండేళ్ళుగా తాత్కాలిక ఉద్యోగి. ప్రతి ఏడూ మార్చి ఆఖరున ఆమె ఉద్యోగం పోతుంది, ఏప్రిల్ మొదటివారంలో రిజిస్ట్రారుగారి దయ వల్ల తిరిగొస్తుంది. ఆ నడుమ వారం రోజులు ఆమెకు నిద్ర పట్టదు. రిజిస్ట్రారుగారికి మాత్రం బాగానే పడుతుంది.

కంప్యూటరు తెరకు అడ్డంగా కట్టిన ఎర్ర రిబ్బను వారు కత్తిరించారు. చప్పట్లు. వారే స్వయంగా బటన్ నొక్కారు. మళ్ళీ చప్పట్లు. తెర నల్లబడింది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలతో రెండు వరసలు వచ్చాయి. రెండింట్లోనూ అదే పేరు, అక్షరం తేడా లేకుండా.

"ఇదేమిటి, రెండున్నాయి?" అన్నారు రిజిస్ట్రారుగారు.

"పైది కొత్తదండీ," అంది సిస్టమమ్మ ముందుకొచ్చి. "కిందది పాతది. పాతది తుడిచేశాం గానీ దాని పేరు మాత్రం జాబితాలో మిగిలిపోయింది. కొత్తగా వేసినప్పుడు ఒక్కోసారి ఇలా అవుతుంది. నొక్కితే ఏమీ తెరుచుకోదు. రెండు నిమిషాల పని, చెరిపేస్తాను."

ఈ మాటలు అవుతుండగానే వరసలు మాయమై, రంగురంగుల తెర తెరుచుకుంది. రిజిస్ట్రారుగారు ఒక అడుగు వెనక్కి వేశారు.

"ఎవరు తెరిచారు?"

"ఎవరూ కాదండీ. ముప్పై సెకన్లు చూస్తుంది. మనమేమీ చెప్పకపోతే దానంతటదే పైది తెరుస్తుంది."

"నా అనుమతి లేకుండానా?" వారి మొహం ఎర్రబడింది. "ముప్పై సెకన్లా! ఈ ఆఫీసులో ముప్పై రోజులకు తక్కువ చూసి నిర్ణయం తీసుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

"లేరండీ," అన్నాడు హెడ్ క్లర్కు సగర్వంగా. ఆయన ముప్పైనాలుగేళ్ళ సర్వీసులో ఏ నిర్ణయమూ తీసుకోకుండా ఆ కుర్చీ దాకా వచ్చిన మనిషి.

"అయితే ఆ కిందది చెరిపేయమంటారాండీ?" అని అడిగింది సిస్టమమ్మ.

"చెరిపేయడమేమిటి! అది ప్రభుత్వ ఆస్తి."

"ఆస్తేమీ లేదండీ అక్కడ. ఉత్త పేరే. లోపల ఏమీ లేదు."

"అమ్మాయ్, నా గది బయట బోర్డు మీద నా పేరుందా?"

"ఉందండీ."

"నేను లోపల లేనప్పుడు ఆ బోర్డు పీకేస్తావా?"

సిస్టమమ్మ ఆలోచించింది. ఆ లెక్కన పదకొండేళ్ళలో బోర్డు ఉండవలసిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. "పీకనండీ," అంది.

"మరి! ఇది ఏ ఆఫీసు? పెళ్ళిళ్ళ ఆఫీసు. ఇక్కడే వావీ వరసా చూడకుండా చెరిపేసుకుంటూ పోతే లోకం ఏమంటుంది?"

సిబ్బంది తలలూపారు. గోడవార కూర్చున్న ఒక పెళ్ళికొడుకు కూడా ఊపాడు. అతని పని ఇంకా కాలేదు.

*

సాయంత్రానికల్లా ఫైలు పుట్టింది. హెడ్ క్లర్కు భాషాజ్ఞానం అటువంటిది. "పై వరసయు కింది వరసయు ఒకే పేరు కలిగియున్నవి. ఇందు అసలు ఏది, నకలు ఏది, నకలైనచో దానిపై అసలని సంతకము చేయవలసిన అధికారి ఎవరు అను విషయములు తేలవలసియున్నవి" అని మొదలైన నోటు నలభైరెండు పేజీలకు వెళ్ళి, ఇంకా విషయంలోకి రాకుండానే పై ఆఫీసుకు బయలుదేరింది.

విషయం తేలేవరకూ యథాతథ స్థితి పాటించాలని రిజిస్ట్రారుగారు ఆదేశించారు. అంటే రెండు వరసలూ తెర మీద అలాగే ఉండాలి. ఏదీ తెరవకూడదు. తెరిస్తే రెండోదానికి అన్యాయం జరిగినట్టే. బాణం గుర్తు మీట ఒక్కసారి నొక్కితే ఆ ముప్పై సెకన్ల లెక్క ఆగిపోతుందని సిస్టమమ్మే చెప్పవలసి వచ్చింది. ప్రతి పొద్దున ఆన్ చేయడం, మీట నొక్కడం, సాయంత్రం ఆపేయడం ఆమె పని. తెర పక్కన "యథాతథ స్థితి" అని అట్టముక్క మీద రాసి అంటించారు.

"మరి పెళ్ళిళ్ళు?" అని అడిగింది సిస్టమమ్మ.

"ఇన్నేళ్ళు పెళ్ళి చేసుకోకుండా ఉన్నవాళ్ళు ఇంకో నాలుగు నెలలు ఉండలేరా?" అన్నారు రిజిస్ట్రారుగారు.

ఆ మాట అందరి విషయంలోనూ నిజం కాదు. బుధవారం నాడు ఒక ముసలి జంట వచ్చింది. ఆయన దర్జీ, డెబ్భై ఒకటి. ఆవిడ రిటైరైన నర్సు, అరవై ఎనిమిది. నలభై ఏళ్ళ కిందట ఆయన వేలికి సూది దిగితే ఆవిడ కట్టు కట్టింది. వేలు వారంలో నయమైంది గానీ, పలకరింపు ఆగలేదు. ఎవరి సంసారం వాళ్ళు చేసుకున్నారు, ఎవరి కష్టాలు వాళ్ళు పడ్డారు, ఇప్పుడు ఇద్దరూ ఒంటరివాళ్ళు. పెద్దల వసతి గృహంలో దంపతులకిచ్చే గది ఒకటి ఖాళీ అయింది. శుక్రవారం సాయంత్రంలోగా పెళ్ళి సర్టిఫికెట్ చూపిస్తే ఆ గది వాళ్ళది. లేకపోతే ఆయనకు కింద మగవాళ్ళ హాల్లో పద్దెనిమిదో మంచం, ఆవిడకు రెండంతస్తుల పైన ఆడవాళ్ళ హాల్లో మంచం. ఆయన మోకాళ్ళకు మెట్లు పడవు.

"ఏమ్మా, మా పని ఎందుకాగింది?" అంది నర్సమ్మ.

"కంప్యూటరుకి రెండు వరసలు వచ్చాయండీ. ఏది అసలో తేలాలట."

నర్సమ్మ కళ్ళద్దాలు సర్దుకుని తెర చూసింది. "పైది పని చేస్తుందా?"

"చేస్తుందండీ."

"కిందది?"

"చెయ్యదండీ."

"మరి తేలడానికి ఇంకేముందమ్మా? మా వార్డులో కూడా నాడి చూసి అంతే తేల్చేవాళ్ళం."

దర్జీ నర్సమ్మ చేతి మీద చెయ్యేసి, "ఊరుకో, ఆ అమ్మాయేం చేస్తుంది? బట్ట ఒకరిది, కొలత ఒకరిది, కత్తెర ఇంకొకరి చేతిలో ఉంది," అన్నాడు. ఇద్దరూ నెమ్మదిగా మెట్లు దిగారు. నాలుగు మెట్లకు ఆయన రెండుసార్లు ఆగడం కిటికీలోంచి కనిపించింది.

శుక్రవారం మళ్ళీ వచ్చారు. ఏమీ అడగలేదు. వచ్చి బెంచీ మీద కూర్చున్నారంతే. అడిగి ఉంటే కాదని చెప్పడం తేలికయ్యేది.

ఆ మధ్యాహ్నం రిజిస్ట్రారుగారు సమయపాలన మీద సదస్సుకు ఆలస్యంగా వెళ్ళారు. హెడ్ క్లర్కు భోజనం డబ్బా తీసుకుని పక్కగదిలోకి వెళ్ళాడు. సిస్టమమ్మ అటూ ఇటూ చూసి, పై వరస నొక్కింది. కంప్యూటరు హాయిగా తెరుచుకుంది. వాళ్ళ వివరాలు ఎక్కించింది. సంతకానికి ఇబ్బంది లేదు. రిజిస్ట్రారుగారు ముందుచూపు గలవారు. తాము రాలేని రోజుల్లో ప్రజలకు కష్టం కలగకూడదని రెండు వందల ఖాళీ సర్టిఫికెట్ల మీద ముందుగానే సంతకాలు చేసి బీరువాలో ఉంచారు.

ప్రింటరు ముక్కుతూ మూలుగుతూ కాగితం బయటికి నెడుతోంది. ఆ కాసేపట్లో సిస్టమమ్మ చెయ్యి ఊరుకోలేదు. ఐదు రోజులుగా ఆ కింది వరస ఆమెకు కంట్లో నలుసులా ఉంది. పదకొండేళ్ళుగా చెత్త కనిపిస్తే తుడిచిన చెయ్యి అది. సెట్టింగుల్లోకి వెళ్ళింది. జాబితా తెరిచింది. కిందిదాన్ని పట్టుకుంది. నిజంగానే చెరిపేయాలా అని కంప్యూటరు అడిగింది. ఆ ఆఫీసులో ఆమె అభిప్రాయం అడిగిన మొదటి ప్రాణి అదే. అవునంది. పోయింది.

నర్సమ్మ సర్టిఫికెట్ అందుకుని రెండువైపులా చూసింది. దర్జీ దాన్ని మడత పెట్టబోతే చేతిమీద ఒక్కటి వేసింది. "మడతలు పడితే చెల్లదంటారు. చొక్కా గుడ్డ కాదది."

"అప్పుడే మొదలైంది చూశావామ్మా!" అన్నాడు దర్జీ, పళ్ళులేని నోటితో నవ్వుతూ.

*

ఆ సంతోషం సిస్టమమ్మకు శనివారం పొద్దుటి దాకా ఉంది. శనివారం పొద్దున అత్తగారు పేపరు చదువుతూ, "అమ్మాయ్, మీ ఆఫీసు పేరు పడింది," అంది.

అత్తగారు ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరు. ఇప్పటికీ వార్తలు చదివేటప్పుడు అవతలివాళ్ళకు వినపడదేమో అన్నట్టు గట్టిగా చదువుతుంది. "ఒకే కంప్యూటరులో రెండు సిస్టములు. ఇది మా ప్రభుత్వ ఘనత. గత ప్రభుత్వం ఉన్న ఒక్కదాన్నీ సరిగా నడపలేకపోయింది. మేము అదే ఖర్చులో రెండు నడుపుతున్నాం, అని మంత్రిగారు విలేకరులతో అన్నారు. దీనిపై అధ్యయనానికి నిపుణుల కమిటీని వేశామనీ, సోమవారం పదింటికి కమిటీ ఆ కార్యాలయాన్ని సందర్శిస్తుందనీ..."

సిస్టమమ్మ చేతిలోని బకెట్ కింద పెట్టేసింది. నలభైరెండు పేజీలూ చదివే ఓపిక పై ఆఫీసులో ఎవరికీ లేక, మొదటి పేజీ చూసి అలా అర్థం చేసుకున్నారన్నమాట. ఉండవలసినవి రెండు. ఉన్నది ఒకటే. సోమవారం ఆన్ చేస్తే వరసలే రావు, తిన్నగా తెరుచుకుంటుంది. ఎవరు చెరిపారంటే ఆమె. ఎప్పుడంటే శుక్రవారం. శుక్రవారం ఏం జరిగిందంటే ఒక పెళ్ళి. ఆ పెళ్ళి చెల్లదంటే ఆ ముసలాయన పద్దెనిమిదో మంచం మీదికి.

ఉన్నదున్నట్టు అత్తగారికి చెప్పేసింది.

అత్తగారు పేపరు మడిచింది. "మా ఎక్స్ఛేంజీ పెద్దాఫీసరు బల్ల మీద మూడు ఫోన్లుండేవి. ఒకదానికే లైను. తక్కిన రెండూ ఉత్త డబ్బాలు, హోదా కోసం. ఒకరోజు తుడుస్తుంటే ఉత్తది ఒకటి పగిలింది. మూడు రోజులు ఎంక్వయిరీ! ఎవరు పగలగొట్టారు, ఆ ఫోన్‌కు రావలసిన ముఖ్యమైన కాల్స్ ఏమయ్యాయి అని. నలుగురిని సస్పెండ్ చెయ్యబోయాడు."

"మరి మీరేం చేశారత్తయ్యా?"

"ఇంకో ఉత్తది తెచ్చి పెట్టాం. పెట్టిన సాయంత్రం, హమ్మయ్య ఇప్పుడు స్పష్టంగా వినబడుతోంది, అన్నాడు."

సోమవారం ఎనిమిదిన్నరకే సిస్టమమ్మ ఆఫీసు చేరింది. అప్పటికే హెడ్ క్లర్కు కంప్యూటరు ముందు నిలబడి ఉన్నాడు. తెర వెలుగుతోంది. రంగురంగులుగా, నిర్దోషిగా.

"కింది వరస ఏదమ్మా?" అన్నాడాయన. ఆయన బాధ ఆయనది. నలభైరెండు పేజీల నోటుకు ఆధారమే ఆ వరస. అది లేదంటే ముప్పైనాలుగేళ్ళ సర్వీసులో మొదటిసారి ఆయన లేనిదాని గురించి రాసినట్టు బయటపడుతుంది.

సిస్టమమ్మ తల దించుకుంది. హెడ్ క్లర్కు జేబులోంచి రుమాలు తీసి కళ్ళద్దాలు తుడుచుకుని, జేబులో పెట్టేసుకున్నాడు.

"నాకు అద్దాలు లేకపోతే ఏమీ కనబడదు. టీ తాగి వస్తాను. వచ్చాక పెట్టుకుంటాను."

చెరపడానికి ఎంతసేపు పట్టిందో పెట్టడానికీ అంతే పట్టింది. ఉన్నదాని పేరుకే నకలు తీసి కింద నిలబెట్టింది. ఒక్కటే తేడా. పాత వరస నొక్కితే ఏమీ తెరుచుకునేది కాదు. ఈ నకలు నొక్కితే పై వరసలో ఉన్నదే తెరుచుకుంటుంది. తలుపులు రెండు, గది ఒకటి. అంతకన్నా నిజమైన అబద్ధం ఆమెకు చేతకాలేదు.

*

కమిటీ అధ్యక్షులు రిటైరైన పశువైద్యులు. మంత్రిగారి గేదెకు కష్టకాన్పు చేసిన అనుభవజ్ఞులు. మరో ఇద్దరు సభ్యులు ఉన్నారు గానీ, వారు మాట్లాడడానికి కాక సంతకాలకు వచ్చారు.

అధ్యక్షులు కంప్యూటరు డబ్బా మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నారు. "ఒళ్ళు వెచ్చగా ఉంది. ఊపిరి బానే ఆడుతోంది," అన్నారు. సభ్యులు రాసుకున్నారు. "పైది తెరవండి."

సిస్టమమ్మ తెరిచింది. తెరుచుకుంది.

"ఇప్పుడు కిందది."

కంప్యూటరు ఆపి, మళ్ళీ ఆన్ చేసి, కింది వరస నొక్కింది. తెరుచుకుంది. రిజిస్ట్రారుగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"నోటులో ఇది తెరుచుకోదని రాశారే?" అన్నారు అధ్యక్షులు.

"అప్పుడు తెరుచుకోలేదండీ," అన్నారు రిజిస్ట్రారుగారు, తమ జీవితంలో అరుదైన నిజం చెబుతూ. ఇంతలోనే తేరుకున్నారు. "నేనే దగ్గరుండి వారం రోజులు యథాతథ స్థితిలో ఉంచాను. విశ్రాంతి దొరికింది. కోలుకుంది."

"అదీ సంగతి. మూగజీవాలకు కావలసింది విశ్రాంతే." అధ్యక్షులు నమోదు రిజిస్టరు తిప్పుతూ ఒకచోట ఆగారు. "యథాతథ స్థితి అంటున్నారు. మరి శుక్రవారం ఒక పెళ్ళి నమోదైందే? ఇది ఏ వరసలోంచి?"

రిజిస్ట్రారుగారు హెడ్ క్లర్కు వైపు చూశారు. హెడ్ క్లర్కు కళ్ళద్దాలు తీసేశాడు.

పైదంటే కిందిదానికి అన్యాయం చేసి ఉత్తర్వు మీరినట్టు. ఏదీ కాదంటే దొంగ సర్టిఫికెట్. సిస్టమమ్మకు మెట్ల మీద ఆగి ఆగి దిగుతున్న మనిషి కళ్ళ ముందు మెదిలాడు.

"కింది వరసలోంచండీ," అంది.

అధ్యక్షులు రిజిస్టరు మూసి ఆమె వైపు తిరిగారు. "అంటే దానంతటదే ఒక పెళ్ళి చేసిందా?"

"అవునండీ."

"కోలుకున్న మొదటి రోజునే!" అధ్యక్షులు కంప్యూటరు డబ్బాను వీపు నిమిరినట్టు నిమిరారు. "రిజిస్ట్రారుగారూ, ఈ సంగతి మంత్రిగారికి ఇవాళే తెలియాలి."

"నేనూ అదే అనుకుంటున్నానండీ. శుక్రవారం నేను దగ్గరే ఉన్నాను," అన్నారు రిజిస్ట్రారుగారు.

*

మూడు వారాల్లో రెండో వరస పథకం ప్రకటన వెలువడింది. అన్ని ప్రభుత్వ కార్యాలయాల్లో, అన్ని కంప్యూటర్లకూ రెండో వరస. రెండో వరసను చూసుకోవడానికి కార్యాలయానికొక రెండో వరస అధికారి. వాళ్ళందరి మీదా ఒక డైరెక్టరు. ఆ పదవికి తగిన మనిషి కోసం ప్రభుత్వం దేశమంతా గాలించి, చివరికి రిజిస్ట్రారుగారి దగ్గర ఆగింది. వారు వినయంగా ఒప్పుకున్నారు. కొత్త గదికి కొత్త బోర్డు పెట్టారు. పాత గదికి పాత బోర్డు అలాగే ఉంచారు.

నాలుగు వందల ఇరవై కంప్యూటర్లలో నకళ్ళు పెట్టే బాధ్యత సిస్టమమ్మది. ఊరూరా తిరిగింది. ప్రతిచోటా రెండు నిమిషాలు పని, రెండు గంటలు సభ.

ప్రారంభోత్సవం పెద్ద హాల్లో జరిగింది. వేదిక మీద మొదటి లబ్ధిదారులుగా దర్జీ, నర్సమ్మ. విలేకరులు మైకు దర్జీ నోటి దగ్గర పెట్టారు. "రెండో వరసలో మీ పెళ్ళి జరిగింది కదా, ఎలా అనిపిస్తోంది?"

"నాది ఎటూ రెండో పెళ్ళే బాబూ," అన్నాడు దర్జీ. "వరస కలిసింది."

చప్పట్లు అయ్యాక మైకు నర్సమ్మ దగ్గరికి వచ్చింది. ఆవిడ మైకును కాక, వేదిక చివర నిలబడ్డ సిస్టమమ్మను చూస్తూ మాట్లాడింది. "గది బావుందమ్మా. కిటికీ ఉంది. ఈయన గురక మాత్రం గది ఇచ్చేముందు ఎవరూ చెప్పలేదు."

సిస్టమమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. చేసిన తప్పులన్నింట్లోకీ అదొక్కటే తప్పుగా తోచలేదామెకు.

అప్పుడు మంత్రిగారు ప్రదర్శన చూద్దామని కంప్యూటరు దగ్గరికి వచ్చారు. చుట్టూ ఉన్నవాళ్ళు పక్కకు తప్పుకున్నారు. సిస్టమమ్మ ఆన్ చేసి మీట నొక్కి నిలిపింది. రెండు వరసలు.

"ఏది నొక్కాలి?" అన్నారు మంత్రిగారు.

"మీ ఇష్టమండీ."

కిందది నొక్కారు. తెరుచుకుంది. ఆపి, మళ్ళీ ఆన్ చేయించి, పైది నొక్కారు. తెరుచుకుంది. మంత్రిగారు తెలివైనవారు. వంగి, ఆమెకు మాత్రమే వినపడేలా అడిగారు. "రెండూ ఒకలాగే ఉన్నాయే?"

ఇన్నాళ్ళలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆయనే. సిస్టమమ్మ ఆ ఒక్కసారికి అబద్ధం చెప్పలేకపోయింది. "రెండూ ఒకటేనండీ. పేర్లే రెండు. ఏది నొక్కినా తెరుచుకునేది ఒకటే."

"నొక్కినవాడికి ఆ సంగతి తెలుస్తుందా?"

"తెలియదండీ. తను కోరుకున్నదే తెరుచుకుందనుకుంటాడు."

మంత్రిగారు నీళ్ళ గ్లాసు అందుకుని తాగడం మరిచిపోయారు. "అసలేదీ నొక్కకుండా కూర్చుంటే?"

"ముప్పై సెకన్లు చూసి, దానంతటదే తెరుచుకుంటుందండీ."

"ఎవరినీ అడగకుండా?"

"అవునండీ."

ఉద్యోగం పోయిందనే అనుకుంది సిస్టమమ్మ. మంత్రిగారు గ్లాసు కింద పెట్టి పి.ఎ. వైపు తిరిగారు. "ఈ అమ్మాయి పర్మనెంటేనా?"

"తాత్కాలికమండీ. పదకొండేళ్ళ నుంచి."

"పదకొండేళ్ళా! ఎంత అన్యాయం!" అన్నారు మంత్రిగారు. నిజంగానే నొచ్చుకున్నట్టు కనిపించారు.

ఉత్తర్వు మూడో రోజున ఇంటికే వచ్చింది. అత్తగారు గట్టిగా చదివింది. పర్మనెంటు చేశారు. ఎన్నికల విభాగానికి మార్చారు. వెంటనే చేరాలి.

"ఎన్నికల వాళ్ళకు నీతో ఏం పనే?" అంది అత్తగారు.

"తెలియదత్తయ్యా," అంది సిస్టమమ్మ. ఉత్తర్వును మళ్ళీ చదువుకుంది. పర్మనెంటు అన్న మాట దగ్గర ఆగింది. రెండోసారి కూడా అక్కడే ఆగింది.

ఎన్నికల విభాగం అధికారి మెత్తని మనిషి. పదింటికి రమ్మన్నారు, పదింటికే ఉన్నారు. ఆమెను కూర్చోమన్నారు. పదకొండేళ్ళలో ఏ అధికారీ ఆమెను కూర్చోమనలేదు. బల్ల మీద కాగితం తెల్లగా ఉంది, కలం మూత తీసి ఉంది.

"ఆ ముప్పై సెకన్లున్నాయి చూశావా అమ్మా," అన్నారు. "అవి తగ్గించడానికి వీలవుతుందా?"

"వీలవుతుందండీ. పది పెట్టొచ్చు, ఐదు పెట్టొచ్చు." ఆమె కాస్త ఆగింది. తెలిసిన పని గురించి ఎవరైనా శ్రద్ధగా అడిగితే చెప్పకుండా ఉండలేని మనిషి. "సున్నా కూడా పెట్టొచ్చు."

"సున్నా పెడితే?"

"వరసలే కనబడవండీ. రెండూ ఉంటాయి, కనబడవంతే. ఆన్ చేస్తే తిన్నగా తెరుచుకుంటుంది."

అధికారి లేచి వెళ్ళి తలుపు దగ్గరగా వేసి వచ్చారు.

"టీ తాగుతావామ్మా?" అన్నారు.